పగ్గం ఎప్పుడు వదలాలి? గుర్రాల శిక్షణపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల గుర్రాల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలవే. హైదరాబాదు చుట్టూ ఫామ్‌హౌసులు, పెళ్లి బరాత్‌లకు గిరాకీ పెరిగినకొద్దీ, తరతరాలుగా ఎడ్లను, బర్రెలను, గొర్లను సాకిన ఇళ్లలోకి గుర్రం కొత్తగా వచ్చి చేరుతోంది. పశువుల దగ్గర సంపాదించిన అనుభవం గుర్రం దగ్గర కొంతవరకే పనికొస్తుందని, కొన్నిచోట్ల అడ్డం కూడా వస్తుందని ఈ ఉత్తరాలు చదివితే తెలుస్తుంది. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పాఠకుల పేర్లు లేకుండా ఊళ్ల పేర్లతోనే ఇస్తున్నాం.

దేవరకొండ నుంచి ఒక పాఠకుడు: మలక్‌పేట పందేల్లో పరిగెత్తి మానేసిన ఆరేళ్ల గుర్రాన్ని కొన్నాను. విత్తు కొట్టించిన గుర్రమే, మనుషులతో మంచిగానే ఉంటుంది. ఎక్కి కొంతదూరం పోయాక మాత్రం వేగం అందుకుంటుంది. ఆపుదామని రెండు పగ్గాలూ లాగితే ఇంకా ఉరుకుతుంది. ఇంతకన్నా గట్టి కళ్లెం వేయమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. వేయమంటారా?

జవాబు: వద్దు. మీ గుర్రం తనకు నేర్పిన పాఠాన్నే మీకు తిరిగి అప్పజెబుతోంది. పందెపు గుర్రానికి ఏడాదిన్నర, రెండేళ్ల వయసులోనే జీను వేసి, బిగువుగా పట్టుకున్న పగ్గాల మీద బరువు ఆనించి పరిగెత్తడం అలవాటు చేస్తారు. రెండు పగ్గాలూ ఒకేసారి బిగిస్తే దాని లెక్కలో అది ఆగమని చెప్పడం కాదు, ఉరకడానికి ఆసరా దొరకడం. మీరు ఎంత లాగితే అంత ఆసరా ఇచ్చినట్టు. గట్టి కళ్లెం వేస్తే ఆసరాకు నొప్పి తోడవుతుంది, నొప్పి పుట్టిన గుర్రం ఆ నొప్పి నుంచి పారిపోవడానికే చూస్తుంది. (మలక్‌పేటకు 1886లో పందేలను తరలించిన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరే మన మహబూబ్‌నగర్‌కూ ఉంది. అక్కడి గుర్రాలు ఇప్పుడు ఇటువైపు వస్తుండటం ఒక విధంగా చుట్టరికమే.)

శిక్షణ మొదలుపెట్టే ముందు గుర్రానికి నొప్పి ఎక్కడైనా ఉందేమో చూపించండి. దవడ పళ్లు అరిగే తీరు వల్ల పై వరస పళ్లకు చెంప వైపు, కింది వరస పళ్లకు నాలుక వైపు పదునైన అంచులు తేలుతాయి. పగ్గం లాగినప్పుడల్లా చెంప లోపలి చర్మం ఆ అంచులకు ఒరుసుకుంటే, తల విదిలించడం, ఉరకడం వింత కాదు. పందేల శిక్షణలో ఉన్న గుర్రాల్లో కడుపులో పుండ్లు కూడా చాలా ఎక్కువగా కనిపిస్తాయి. జీను తంగు (పొట్ట కింది పట్టీ) బిగిస్తుంటే చెవులు వెనక్కి వాల్చి కొరకడానికి వస్తోందంటే ఆ అనుమానం పెట్టుకోవాలి. జీను కింద వెన్నుపూస మీద గాలి ఆడే సందు ఉండాలి. పందేలు మానిన గుర్రానికి కొన్ని నెలలు గడ్డి ఎక్కువ, దాణా తక్కువ పెట్టి, ఆవరణలో స్వేచ్ఛగా తిరగనిచ్చి, ఆ తరువాతే కొత్త పాఠం మొదలుపెట్టడం మంచిది.

కొత్త పాఠం నేల మీదనే మొదలవుతుంది. కళ్లెం తీసేసి, తలకు హాల్టర్ (నోట్లో ఇనుము లేని తలతాడు) కట్టి, మూడు, మూడున్నర మీటర్ల నూలు తాడు తగిలించి, గుర్రానికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు నిలబడండి. నేరుగా ముక్కు ముందున్నది, నేరుగా తోక వెనకున్నది గుర్రానికి కనిపించవు. గడ్డం కింద తాడును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఛాతీ వైపు చాలా తక్కువ బలంతో ఒత్తండి. గుర్రం మొదట తల ఎత్తవచ్చు, మీ మీదికి రావచ్చు, రాయిలా నిలబడిపోనూవచ్చు. మీరు బలం పెంచవద్దు, తగ్గించవద్దు, అలాగే ఉండండి. కాసేపటికి దాని ఒంటి బరువు ముందు కాళ్ల మీద నుంచి వెనక్కి జరుగుతుంది. అడుగు ఇంకా పడి ఉండదు, భుజం కండ మాత్రం కదులుతుంది. వేళ్లు తెరవవలసింది సరిగ్గా అప్పుడే. గుర్రానికి పాఠం అందేది లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. అది ఏ పని చేస్తుండగా ఒత్తిడి తొలగిందో ఆ పనినే అది గుర్తుపెట్టుకుంటుంది. మీరు రెండు క్షణాలు ఆలస్యంగా వదిలితే, ఆ రెండు క్షణాల్లో అది తల విదిలించి ఉంటే, తల విదిలించడమే నేర్పినవారవుతారు. బరువు జరగడం కుదిరాక ఒక అడుగు, ఆ తరువాత రెండు అడుగులు వెనక్కి వేసేదాకా ఆగి వదలండి.

ఇది వచ్చాక వెనుక కాళ్లను పక్కకు జరపడం నేర్పండి. తలను కొంచెం మీ వైపు తిప్పి పట్టుకుని, స్వారీ చేసేటప్పుడు మీ మడమ ఎక్కడ తగులుతుందో ఆ చోట వేలితో ఒత్తితే, గుర్రం తన దగ్గరి వెనుక కాలిని రెండో కాలి ముందు నుంచి దాటించి పక్కకు అడుగు వేయాలి. వేసిన వెంటనే వేలు తీసేయండి. గుర్రాన్ని ముందుకు తోసే బలమంతా వెనుక కాళ్లదే కనుక, అవి ఒకదాన్నొకటి దాటుతున్నంతసేపు ఉరకడానికి బలం చాలదు. జీను మీద నుంచి ఒకే పగ్గంతో ఆపే పద్ధతికి పునాది ఇదే. ముందు నిలబడి ఉన్న గుర్రం మీద, తరువాత నడకలో, ఆ తరువాతే దుల్కీలో (నడకకూ దౌడుకూ మధ్య వేగంలో) అభ్యాసం చేయించాలి. ఆగగానే పగ్గం పూర్తిగా వదలాలి. దీనితోపాటు ‘హో’ అనే మాటను ప్రతిసారీ ఒకే గొంతుతో, లాగడానికి కొంచెం ముందు అంటూ ఉంటే, కొన్నాళ్లకు ఆ మాటకే ఆగడం మొదలుపెడుతుంది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. పూర్తి వేగంతో దౌడు తీస్తున్న గుర్రాన్ని ఒక పగ్గంతో హఠాత్తుగా తిప్పితే కాళ్లు చిక్కుకుని మనిషితో సహా పడిపోతుంది. అటువంటప్పుడు చోటు ఉంటే పెద్ద వలయంలోకి తిప్పి, ఆ వలయాన్ని మెల్లగా చిన్నది చేస్తూ రావాలి. చోటు లేకపోతే ఒక చేతిని పగ్గంతో సహా మెడ మీద ఆనించి, రెండో పగ్గాన్ని లాగి వదులుతూ, లాగి వదులుతూ రావాలి, బిగించి పట్టుకోకూడదు. మీ ప్రాంతంలో అభ్యాసానికి చెలక నేల మంచిది. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలు ఇచ్చినప్పుడు ఆ చేలల్లో గుర్రాన్ని నడకకు మించి పోనివ్వవద్దు, నెర్రెలో కాలు పడితే ఎముక విరుగుతుంది.

ఇంకొక సంగతి. పందేల్లో జాకీని పక్కనున్నవారు మోకాలి దగ్గర పట్టి ఎత్తుతారు, గుర్రం తరచుగా నడుస్తూనే ఉంటుంది. కనుక మీరు రికాబులో కాలు పెట్టగానే అది కదలడం దాని తప్పు కాదు. ఒక అరుగు పక్కనో, రాయి పక్కనో నిలబెట్టి, ఎక్కీ ఎక్కనట్టు చేసి దిగడం ఓపికగా అలవాటు చేయండి.

జడ్చర్ల నుంచి ఒక పాఠకురాలు: మా ఇంట్లోనే పుట్టిన మార్వాడీ జాతి కలిసిన గుర్రప్పిల్లకు రెండేళ్లు నిండాయి. మా బాబు బరువు నలభై కిలోలే కదా, ఎక్కించవచ్చని మా మామయ్య గారు అంటున్నారు. నాకు భయంగా ఉంది.

జవాబు: మీ భయమే సరైనది. పెద్దవారితో మాట పట్టింపు రాకుండా చెప్పాలంటే, పిల్ల నోరు తెరిచి చూపించండి. గుర్రానికి ముందున్న కొరికే పళ్లలో నడిమి జత పాలపళ్లు రెండున్నరేళ్లకు, పక్క జత మూడున్నరేళ్లకు, చివరి జత నాలుగున్నరేళ్లకు ఊడి గట్టిపళ్లు వస్తాయి. మీ పిల్లకు ముందుపళ్లన్నీ ఇంకా పాలపళ్లే అయి ఉంటాయి. ఎముకల సంగతీ దాదాపు అంతే. ముందుకాలి మోకాలికి పైన ఉన్న ఎముక పెరుగుదల ఇంచుమించు రెండున్నరేళ్లకు ముగిస్తే, మనం జీను వేసే వెన్నుపూసల పెరుగుదల ఐదారేళ్ల దాకా సాగుతుంది. నలభై కిలోలు కావచ్చు, ఇరవై కిలోలు కావచ్చు, ఎగిరెగిరి పడే బరువును ఆ వెన్ను ఇప్పుడు మోయకూడదు. మూడేళ్లు దాటాక తేలికగా, తక్కువసేపు మొదలుపెట్టి, నాలుగేళ్లకు పని పెంచడం చాలామంది జాగ్రత్తపరులు పాటించే పద్ధతి. ఎదిగిన గుర్రానికైనా మనిషి, జీను కలిపి దాని ఒంటి బరువులో ఐదో వంతుకు మించకూడదు.

అంతవరకు ఖాళీగా ఉంచమని కాదు. రెండేళ్ల పిల్లకు నేర్పవలసిన పాఠాలు చాలా ఉన్నాయి, అవి మీ బాబు కూడా పెద్దవారి పర్యవేక్షణలో నేర్పగలడు. తాడు బిగుసుకోకుండా మీ భుజం పక్కన నడవడం, మీరు ఆగితే ఆగడం, కట్టేస్తే గింజుకోకుండా నిలబడటం, ఒళ్లంతా చేత్తో తాకనివ్వడం, నోట్లో వేలు పెట్టనివ్వడం, నాలుగు కాళ్లూ ఇవ్వడం. కట్టేసేటప్పుడు మాత్రం ఒక్క లాగుకు విడిపోయే ముడి వేయండి, పిల్ల బెదిరి గింజుకుంటే మెడకు దెబ్బ తగలకుండా ఉంటుంది.

కాలు ఎత్తడం ఎలా నేర్పాలో వివరంగా చెబుతాను, నాడాలు కొట్టేవారితో వచ్చే గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. భుజం దగ్గర, తోక వైపు ముఖం పెట్టి నిలబడి, మెడ నుంచి మోకాలి దాకా చేయి ఎత్తకుండా కిందికి రాయండి. మోకాలి కింద వెనుక నరాన్ని రెండు వేళ్లతో చిన్నగా నొక్కండి. గిట్ట నేల మీద నుంచి లేవగానే వదిలేయండి, మొదటి రోజు పట్టుకోనే వద్దు. పట్టుకోవడం మొదలుపెట్టాక, గుర్రం కాలు లాక్కుంటున్నప్పుడు వదలకుండా దానితోపాటే చేతిని పోనిచ్చి, కాలు ఒక్క క్షణం బరువు తేలి నిమ్మళించగానే మీరే నేల మీద పెట్టండి. వెనుక కాళ్లకూ ఇదే పద్ధతి, కాకపోతే తొడకు ఒరుసుకుని నిలబడాలి. దూరంగా నిలబడితే తన్ను పూర్తి బలంతో తగులుతుంది, ఒరుసుకుని నిలబడితే కాలు విసిరే చోటు ఉండదు. ఇదంతా రోజుకు పది, పదిహేను నిమిషాలకు మించకూడదు. పిల్ల ఇంకా ఉత్సాహంగా ఉండగానే ఆపేస్తే మరునాడు తానే దగ్గరికి వస్తుంది.

మగపిల్ల అయితే విత్తు కొట్టించే సంగతి ఇప్పుడే పశువైద్యునితో మాట్లాడండి. సంతానానికి ఉంచుకునే ఉద్దేశం లేనప్పుడు, చిన్నపిల్లలున్న ఇంట్లో మగగుర్రాన్ని అలాగే పెంచడం నాకు సమ్మతం కాదు. ధనుర్వాతం టీకా కూడా వేయించండి, పశువుల కన్నా గుర్రాలకు ఆ జబ్బు సోకే ప్రమాదం చాలా ఎక్కువ.

నారాయణపేట నుంచి: ఎక్కే ముందు తాడు కట్టి గంటసేపు గుండ్రంగా ఉరికించి, అలిసిపోయాక ఎక్కుతున్నాను. మొదట్లో అరగంటకే అలిసేది, ఇప్పుడు గంటకు కూడా అలవడం లేదు.

జవాబు: రోజూ గంటసేపు ఉరికిస్తే దమ్ము పెరగక ఏమవుతుంది? మీరు తయారుచేస్తున్నది నెమ్మదైన గుర్రాన్ని కాదు, అలుపెరుగని గుర్రాన్ని. పైగా గుండ్రంగా తిరిగేటప్పుడు లోపలి వైపు కాళ్ల కీళ్ల మీద బరువు పక్కకు పడుతుంది, వలయం ఎంత చిన్నదైతే అంత ఎక్కువగా. ఇలా తాడు కట్టి గుండ్రంగా తిప్పే లాంజింగ్ మంచి సాధనమే, కానీ పదిహేను నుంచి ఇరవై నిమిషాలు చాలు. వలయం పదిహేను, ఇరవై మీటర్ల అడ్డకొలతతో ఉండాలి, రెండు దిక్కులా సమానంగా తిప్పాలి. తాడును చేతికి చుట్టుకోవద్దు, మడతలుగా పట్టుకోండి, చేతికి తొడుగు వేసుకోండి. గుర్రం ఉరికితే చుట్టుకున్న తాడు వేళ్లను తీసుకుపోతుంది. మీరు దాని డొక్కకు ఎదురుగా ఉంటే అది ముందుకు సాగుతుంది, మీ శరీరం దాని భుజానికి ముందుకు జరిగితే నెమ్మదిస్తుంది. కొరడా దిక్కు చూపడానికే. నడక నుంచి దుల్కీకి, దుల్కీ నుంచి నడకకు, నడక నుంచి ఆగడానికి మీ మాట మీద మారుతోందా అన్నదే చూడండి. అలా మారుతున్న గుర్రం ఐదు నిమిషాలకే ఎక్కడానికి సిద్ధమైనట్టు. మారనిది గంట తిరిగినా కానట్టే.

సూర్యాపేట నుంచి: గుర్రం నాలుక చప్పరిస్తే పాఠం అర్థమైనట్టేనని వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: చప్పరించడం బెదురు తగ్గి ఒళ్లు సడలుతున్నప్పుడు కనిపించే గుర్తు. అంటే అంతకు ముందు బెదిరిందని కూడా అర్థం. అర్థమయిందో లేదో తెలుసుకోవాలంటే అదే పని మళ్లీ అడగండి, మొదటిసారి కన్నా తేలికపాటి ఒత్తిడికి చేస్తే అర్థమయినట్టు.

మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు: మా ఇంట్లో పెళ్లిళ్లకు గుర్రం కిరాయికి ఇస్తాం. డీజే మోగగానే ఈ మధ్య వెనుక కాళ్ల మీద లేస్తోంది. ముళ్ల కళ్లెం వేస్తే కొన్నాళ్లు తగ్గి, ఇప్పుడు మరీ ఎక్కువైంది. పెళ్లికొడుకు పడిపోతే మా పరువేం కాను?

జవాబు: పరువు కన్నా ముందు ప్రాణం ఉంది. వెనుక కాళ్ల మీద లేచిన గుర్రం వెల్లకిలా పడితే మీదున్న మనిషి బతకడం కష్టం. ఈ గుర్రాన్ని తిరిగి సరిచేసేదాకా బరాత్‌కు తీసుకుపోవద్దు.

ముళ్ల కళ్లెం వాడటం నేరం. బరువు లాగే, మోసే జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1965లో చేసిన నియమాల్లో, స్వారీకైనా తోలడానికైనా ముళ్లు, బొడిపెలు ఉన్న కళ్లెం వాడకూడదని స్పష్టంగా ఉంది. చట్టాన్ని పక్కన పెట్టినా అది పనిచేయదు. ముందుపళ్లకు, దవడ పళ్లకు మధ్య పళ్లు లేని ఖాళీ చోట కళ్లెం ఆనుతుంది. అక్కడ ఎముక మీద పలచని పొర తప్ప ఏమీ లేదు. అక్కడ ముళ్లు దిగితే ముందుకు పోలేదు, వెనుక జనం ఉంటారు కనుక వెనక్కీ పోలేదు, మిగిలింది పైకి లేవడమే. మీ గుర్రం చేస్తున్నది అదే. ముందు నోటి పుండ్లు మాననివ్వండి. తరువాత నడిమికి ఒక కీలు మాత్రమే ఉన్న నున్నటి, లావుపాటి కళ్లెం వేయండి. బరాత్‌లో గుర్రాన్ని పట్టుకునే మనిషి ఆ కళ్లేన్ని కాకుండా, దాని కింద కట్టిన హాల్టర్‌కు తగిలించిన తాడును పట్టుకోవాలి. జనం తోపులాటలో చేయి జారి ఒక్క గుంజు గుంజినా నోటికి దెబ్బ తగలదు.

ఇక మోత సంగతి. మనిషి చెవి ఇరవై వేల హెర్ట్జ్‌ల దాకా వింటే గుర్రం ముప్పై వేలకు పైన కూడా వింటుంది. మనకు వినిపించని కీచుమోతలు కూడా స్పీకర్ల నుంచి దానికి వినిపించవచ్చన్నమాట. ఒక్కసారిగా డీజే పక్కన కట్టేసి, గింజుకుని గింజుకుని అదే ఊరుకుంటుందని వదిలేసే పద్ధతి మన దగ్గర ఉంది. అలా ఊరుకున్న గుర్రం భయం తీరి ఊరుకున్నది కాదు, ఆశ వదులుకుని ఊరుకున్నది. ఎప్పుడో ఒకనాడు ఆ భయం ఒక్కసారే బయటపడుతుంది. దానికి బదులు, గడ్డి మేస్తున్నప్పుడు దూరంగా ఫోనులో బరాత్ పాటలు చాలా సన్నగా పెట్టండి. మేత ఆపి చెవులు నిక్కబొడిస్తే శబ్దం ఎక్కువైందని అర్థం, తగ్గించండి. మళ్లీ తల దించి మేస్తే, కాసేపు అలాగే ఉంచి ఆపేయండి. రోజులు గడిచినకొద్దీ పెంచుకుంటూ పోవాలి.

దప్పుకు అలవాటు చేయడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. దప్పు కొట్టే మనిషిని గుర్రం వైపు రానివ్వకుండా, గుర్రానికి ముందు ఇరవై, ముప్పై అడుగుల దూరంలో, దానికి వీపు చూపించి అవతలికి నడుస్తూ మెల్లగా వాయించమనండి. మీరు గుర్రాన్ని పట్టుకుని ఆ మోత వెనకాలే నడవండి. తన మీదికి వచ్చేది గుర్రానికి వేటాడే జంతువు, తన ముందు పారిపోయేది కాదు. తాను తరుముతుంటే ఆ మోత వెనక్కి తగ్గుతోందని దానికి అనిపించడం మొదలయ్యాక, చెవులు ముందుకు వచ్చి, మెడ చాపి వాసన చూడటానికి ఆరాటపడుతుంది. అప్పుడు దప్పు మనిషిని ఆగమనండి, గుర్రాన్ని దగ్గరికి పోయి వాసన చూడనివ్వండి. కొన్ని వారాల్లో దప్పు దాని పక్కనే మోగినా నిలబడుతుంది. డీజే లారీకి ఇది పూర్తిగా వర్తించదు. ఆ ప్రకంపనలు నేల గుండా గిట్టలకు తగులుతాయి, వాటికి ఏ శిక్షణా చాలదు. బండికి, గుర్రానికి మధ్య మంచి ఎడం ఉంచాలని, గుర్రం దగ్గర టపాకాయలు కాల్చకూడదని కిరాయి మాట్లాడేటప్పుడే చెప్పి, ఒప్పుకోని పెళ్లిని వదులుకోండి.

కాళ్ల మీద కొడుతూ అడుగులు వేయించి ‘డ్యాన్స్ గుర్రం’ తయారుచేసే పద్ధతి గురించి కూడా మీరు ఉత్తరంలో అడిగారు. దానికి ఈ శీర్షికలో జవాబు ఉండదు.

షాద్‌నగర్ నుంచి: ఉలవలు పెడితే గుర్రం వేడెక్కి మాట వినదంటారు. కోళ్ల దాణా చవకగా దొరుకుతోంది, అది కలపవచ్చా?

జవాబు: మొదట రెండో దానికి. కోళ్ల దాణా గుర్రం నోటికి అందనివ్వవద్దు. బ్రాయిలర్ దాణాల్లో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కోళ్లకు హాని చేయని మోతాదులోనే గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి చంపగలవు. కోళ్ల షెడ్డు, గుర్రపు కొట్టం పక్కపక్కనే ఉన్న ఫారాలు మీ వైపు చాలా ఉన్నాయి కనుక బస్తాలను, తొట్లను కూడా వేరుగా ఉంచండి.

ఉడికించిన ఉలవలు మితంగా పెడితే తప్పు లేదు. గుర్రం మాట వినకపోవడానికి అసలు కారణం సాధారణంగా పని తక్కువ, దాణా ఎక్కువ కావడం. మొక్కజొన్న, గోధుమ వంటి పిండి పదార్థాలు ఎక్కువగా పెట్టి, రోజంతా కట్టేస్తే ఏ గుర్రమైనా చిన్న చప్పుడుకే ఎగురుతుంది. కడుపు నింపవలసింది గడ్డితో. జొన్న చొప్ప, ఎండుగడ్డి, బూజు పట్టని వేరుశనగ కట్టె మన దగ్గర దొరికే మంచి మేతలు. సూపర్ నేపియర్ ఒక్కటే మేపుతూ పైన తవుడు పెట్టవద్దు. ఆ గడ్డిలోని ఆక్సలేట్లు, తవుడులోని భాస్వరం కలిసి ఎముకల్లోని సున్నాన్ని తగ్గించి, ముఖం ఎముకలు ఉబ్బే జబ్బు తెస్తాయి, కుంటుతనం కూడా వస్తుంది. దాన్ని మొండితనమనుకుని కొట్టేవారున్నారు.

నల్లగొండ నుంచి: ఎండాకాలంలో శిక్షణ ఆపేయాలా? వేడి మీదున్న గుర్రం మీద చన్నీళ్లు పోస్తే కాళ్లు పట్టేస్తాయంటారు.

జవాబు: ఆపనక్కరలేదు, వేళ మార్చండి. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో ఉదయం ఏడు లోపలే పని ముగించి, సాయంత్రం నీడలో నేల మీది పాఠాలతో సరిపెట్టుకోండి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా పని చేయించకూడదని పైన చెప్పిన 1965 నియమాలే చెబుతున్నాయి.

చన్నీళ్ల భయం నిరాధారం. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు జరిగిన పరిశోధనల్లో, వేడెక్కిన గుర్రం ఒళ్లంతా చల్లని నీళ్లు పోయడం వల్ల కండరాలకు హాని లేదని, ఒళ్లు చల్లబరచడానికి అదే మంచి మార్గమని తేలింది. ఆగకుండా పోస్తూ ఉండండి, నీడలో గాలి తగిలేలా నడిపించండి. తాగడానికి కూడా నీళ్లు ఇవ్వండి. గుర్రం మామూలు ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్, నిలబడి ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. పని ఆపి, నీళ్లు పోసి అరగంటయినా ఒంటి వేడి 40 దగ్గరే ఉంటే పశువైద్యుణ్ణి పిలవాలి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. గుర్రం నోటితో ఊపిరి తీసుకోలేదు, కనుక ముక్కు పట్టీ బిగించి కట్టవద్దు. ఎంత పనిచేసినా చెమట పట్టని గుర్రం కనిపిస్తే అది ఓపిక కాదు, జబ్బు.

వనపర్తి నుంచి: గుర్రం డీసీఎం ఎక్కదు. నలుగురం కలిసి తాళ్లతో లాగి, వెనకనుంచి కొట్టి ఎక్కిస్తున్నాం. ప్రతిసారీ ఇంకా మొరాయిస్తోంది.

జవాబు: ప్రతిసారీ ఎక్కువ కావడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. చీకటి పెట్టె, కాలు వేస్తే చప్పుడు చేసే ఇనుప నేల, వెనుక దెబ్బలు. ప్రయాణం లేని రోజున బండి తెచ్చి, గట్టున ఆనించి నిలపండి. మన దగ్గర చెరువు కట్టలు, మట్టి దిబ్బలు తక్కువేమీ కాదు. ఏటవాలు తక్కువగా ఉంటే సగం భయం పోయినట్టే. నేల మీద రబ్బరు పట్టా పరిచి, పైన గడ్డి చల్లండి, ముందు తలుపు ఉంటే తెరిచి వెలుతురు రానివ్వండి.

తాడు ఒత్తిడికి ముందుకు రావడం గుర్రానికి ఇంతకు ముందే తెలిసి ఉండాలి. ఎక్కించే ఒక్క మనిషి తప్ప మిగిలినవారిని దూరంగా పంపండి. గుర్రం పట్టా వాసన చూస్తే తాడు వదులు చేయండి. ఒక గిట్ట పెడితే వదులు చేసి, దానంతట అది వెనక్కి తీసే లోపలే మీరే వెనక్కి నడిపించండి. ఎక్కిన చోటి నుంచి దిగవచ్చని తెలిసిన గుర్రం ఎక్కడానికి అంతగా భయపడదు. రెండు కాళ్లు, ఆ తరువాత నాలుగు, లోపల పిడికెడు గడ్డి, మళ్లీ కిందికి. నాలుగు కాళ్లూ లోపలున్నా మొదటి రోజుల్లో తలుపు వేయవద్దు. తలుపు వేసి కొద్ది దూరం తిప్పి ఇంటికే తీసుకురావడం అన్నిటికన్నా చివర. బండిలో తలను మరీ పైకి, మరీ పొట్టిగా కట్టవద్దు, తల దించి తుమ్మడానికి, దగ్గడానికి వీలుండాలి. డ్రైవరుకు మలుపుల దగ్గర, స్పీడ్ బ్రేకర్ల దగ్గర నెమ్మదిగా పొమ్మని ముందే చెప్పండి. మొదటి ప్రయాణంలో గుర్రం పడిపోతే ఈ పాఠమంతా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది.